యాట కోసిన రోజు కార్జంలో నీటి తిత్తి కనిపిస్తే ఏం చేయాలి?

పండగ పొద్దు. వేపకొమ్మకు పొట్టేలు వేలాడుతోంది. తోలు ఒలవడం అయిపోయింది. కోసేవాడు కడుపు చీల్చి బోటిని గంపలోకి, కార్జాన్ని పళ్లెంలోకి తీశాడు. కార్జం అంచున నిమ్మకాయంత తెల్లటి బుడగ ఒకటి ఉబ్బి కనిపిస్తోంది. "ఏందన్నా ఇది?" అని పిల్లవాడు అడిగితే "ఏం లేదురా, నీళ్ల గడ్డ" అని, కత్తి మొనతో దాని చుట్టూ గుండ్రంగా కోసి పక్కకు విసిరాడు. అది నేలకు తగలకముందే కుక్క అందుకుంది.

ఇంట్లోవాళ్లకు బెంగ తీరింది. పాడు ముక్క పోయింది, మంచి కార్జం మిగిలింది, కుక్క కడుపూ నిండింది. పశువుల దవాఖాన ఉద్యోగంలో ఊళ్లు తిరిగిన నేను ఈ దృశ్యాన్ని లెక్కలేనన్ని సార్లు చూశాను. మొదట్లో నేనూ ఏమీ అనేవాణ్ని కాదు. గొర్రెలకు నట్టల మందు తాగించడం, టీకాలు వేయడం మా పని అనుకునేవాళ్లం. కోసిన తర్వాత ఏం జరుగుతుందో మాకు పట్టేది కాదు. అసలు కథ మాత్రం ఆ విసిరిన ముక్క దగ్గరే మొదలవుతుంది.

మీ ఇంట్లో గొర్రెలూ కుక్కా ఉన్నా, ఏడాదికి రెండు మూడు సార్లు ఇంటి దగ్గర యాట కోసే అలవాటున్నా, ఇది మీ కోసమే.

ముందు ఆ తిత్తి ఏమిటో తెలుసుకోండి

దాన్ని వైద్యులు హైడాటిడ్ తిత్తి అంటారు. కుక్క చిన్నపేగులో ఉండే ఒక బద్దెపురుగుకు అది పిల్ల దశ. ఆ పురుగు పేరు ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్. పేరు పెద్దదే గానీ పురుగు పొడవు 2 నుంచి 7 మిల్లీమీటర్లు, అంటే నువ్వుగింజకూ జీలకర్ర గింజకూ అటూ ఇటూ. ఒక్కో కుక్క పేగులో ఇవి వేలల్లో ఉండొచ్చు. అయినా కుక్క చిక్కిపోదు, విరేచనాలు కావు, బొచ్చు మెరుస్తూనే ఉంటుంది. మా కుక్క గట్టిగా ఉంది, దానికి పురుగులెక్కడివి అనే మాట ఇక్కడ చెల్లదు.

పురుగు గుడ్లు కుక్క పెంటతో బయటపడతాయి. కంటికి కనిపించవు. గడ్డికీ నీళ్లకూ అంటుకుంటాయి. గొర్రె మేస్తూ వాటిని మింగుతుంది. కడుపులో గుడ్డు పగిలి, అందులోని పిల్ల పేగు గోడను తొలుచుకుని రక్తంలో పడి కార్జానికో ఊపిరితిత్తికో చేరుతుంది. అక్కడ తిత్తిగా మారి నెమ్మదిగా పెరుగుతుంది. ఆ తిత్తిని కుక్క తింటే అందులోని పిల్లలు మళ్లీ దాని పేగులో పురుగులవుతాయి. ఇదీ చక్రం.

మనిషి ఈ చక్రంలోకి పొరపాటున వస్తాడు, అదీ గొర్రె స్థానంలోకి. కుక్కను నిమిరిన చేత్తో ముద్ద తిన్నప్పుడో, కడగని కొత్తిమీర పచ్చిగా నమిలినప్పుడో, కుక్క నాకిన వేలును పిల్ల నోట్లో పెట్టుకున్నప్పుడో గుడ్డు లోపలికి పోతుంది. మన కార్జాన్ని కుక్క తినదు కాబట్టి పురుగుకు మనతో కథ అక్కడితో ముగుస్తుంది. తిత్తి మోసేవాళ్లకు మాత్రం ముగియదు.

ఊళ్లలో తలకిందులుగా నాటుకుపోయిన ఒక మాట ఉంది. తిత్తి ఉన్న కార్జం తిన్నవాళ్లకు ఈ జబ్బు వస్తుందని భయపడతారు. రాదు. మనిషికి ఇది కుక్క పెంటలోని గుడ్ల నుంచే వస్తుంది, మాంసం నుంచి కాదు. ఒకరి నుంచి ఇంకొకరికీ అంటదు. అంటే ఆ ముక్కను మీరు తినకుండా కుక్కకు వేసినప్పుడు ప్రమాదాన్ని తప్పించుకోలేదు, ఆరు వారాల తర్వాతకు వాయిదా వేసి, పదింతలు చేసి వాకిట్లోకి తెచ్చుకున్నారు.

ఇదేదో ఎక్కడో దూరదేశపు జబ్బు కాదు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, సుమారు 1.91 కోట్లు. రెండోది ఆంధ్రప్రదేశ్, సుమారు 1.76 కోట్లు. కర్నూలు ప్రాంతంలో ఈ జబ్బు తీరు గురించి 1960లలోనే వైద్య పత్రికల్లో రాశారు.

కోసే రోజు

కత్తి నూరకముందే కుక్కను కట్టేయండి. తరిమితే చాలదు, పది నిమిషాల్లో మళ్లీ వస్తుంది. గొలుసుతో, కోసే చోటు కనిపించనంత దూరంలో కట్టండి. ఊరకుక్కలు చేరితే వాటిని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టండి. మా ఊళ్లలో ఈ పని పెద్దపిల్లలకు అప్పజెబుతారు, బాగానే చేస్తారు.

మూత ఉన్న బకెట్ ఒకటి పక్కన పెట్టుకోండి. పారేయాల్సినదంతా అందులోకే పోవాలి, నేల మీదికి కాదు.

ఇప్పుడు కార్జాన్నీ ఊపిరితిత్తులనూ పళ్లెంలో పెట్టి చూడండి. చూడటంతో ఆపకండి. అరచేతిని పెట్టి నెమ్మదిగా ఒత్తుకుంటూ పోండి. పైకి ఉబ్బినవి కంటికి దొరుకుతాయి గానీ లోపల దాగినవి చేతికే దొరుకుతాయి. మెత్తటి కార్జం మధ్యలో గోళీలా గట్టిగా, బిగువుగా తగిలితే అది తిత్తి. ఊపిరితిత్తుల్లో ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. స్పంజిలా ఉండాల్సిన చోట నీళ్లు నింపిన బంతి తగులుతుంది.

దాన్ని పొడవకండి. నేర్చుకునే రోజుల్లో ఒకసారి నేను కుతూహలం కొద్దీ పొడిచాను. లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్లు పిచికారీలా చొక్కా మీదికి ఎగిరాయి. తేటగా, బావినీళ్లలా ఉన్నాయి. తిత్తి లోపలి నుంచి లేత కొబ్బరిబోండంలో మీగడలాంటి తెల్లటి పొర ఒకటి ఊడి జారింది. మిగిలిన నీళ్లను గాజుగ్లాసులో పోసి వెలుతురుకు పట్టుకుంటే అడుగున సన్నని ఇసుక పేరుకుంది. వైద్యులు దాన్ని హైడాటిడ్ ఇసుక అనే పిలుస్తారు. అందులో ప్రతి రేణువూ కుక్క కడుపులో ఒక బద్దెపురుగు కాగలదు. ఆ రోజు నేల మీద ఒలికిన నీళ్లను ఊరకుక్క ఒకటి వచ్చి నాకుతుంటే అప్పుడు అర్థమైంది నేను చేసిన పని ఏమిటో.

కాబట్టి తిత్తి పగలకుండా, చుట్టూ రెండు వేళ్ల మందం మంచి కార్జంతో కలిపి ఒకే ముక్కగా కోసి బకెట్లో వేయండి. ఒకటో రెండో ఉంటే మిగతాది బాగా ఉడికించుకుని తినొచ్చు. అంతకన్నా ఎక్కువుంటే కార్జం మొత్తాన్నీ వదిలేయమంటాను. రూల్ అని కాదు, అన్ని తిత్తులను పగలకుండా తీయడం ఎవరి వల్లా కాదు. ఒకవేళ పగిలి నేల మీద ఒలికితే అక్కడ సలసల కాగే నీళ్లు పోయండి.

బోటి తీసేటప్పుడు కొవ్వు పొరకు వేలాడుతూ ఇంకో రకం బుడగ కనిపించొచ్చు. పల్చటి ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి ముడేసినట్టుంటుంది, లోపల ఒకే ఒక్క తెల్లటి చుక్క. అది వేరే బద్దెపురుగు పిల్ల దశ, మనుషులకు దానితో భయం లేదు. అయినా అదీ బకెట్లోకే, ఎందుకంటే అదీ కుక్క పేగులోనే పురుగయ్యేది. ఇక కార్జం గొట్టాలు కోస్తే ఆకుల్లాంటి జలగలు బయటపడటం మూడో సంగతి. అది చెరువు నత్తల ద్వారా వచ్చేది, కుక్కకు సంబంధం లేదు. మందకు వేరే మందు కావాలి, డాక్టర్ను అడగండి.

బకెట్లోని దాన్ని ఏం చేయాలి?

ఉడకబెట్టడం అన్నిటికన్నా తేలిక. పాత గిన్నె ఒకటి దీనికే కేటాయించి, ముక్కలు మునిగేలా నీళ్లు పోసి, తెర్లడం మొదలయ్యాక కనీసం అరగంట ఉంచండి. పెద్ద ముక్కలైతే ముప్పావుగంట. ఆ తర్వాత నిక్షేపంగా కుక్కకు పెట్టొచ్చు. ఈ మాట చెప్పినప్పుడే మా కాపరుల ముఖాల్లో వెలుగు చూశాను. కుక్క నోరు కొట్టమంటే ఎవరూ వినరు. రాత్రంతా మంద దగ్గర కాపలా కాసే కుక్క అది, పండగ రోజు దానికి ఏమీ పెట్టకపోతే మనసొప్పదు. వేయొద్దు అనకుండా ఉడకబెట్టి వేయమంటే వింటారు.

కట్టెలు లేకపోతే పూడ్చండి. రెండడుగులకు తక్కువ కాకుండా గుంత తీసి, సున్నం చల్లి, మట్టి కప్పి, పైన రాళ్లు పేర్చి సర్కారు తుమ్మ కంప వేయండి. కంప వేయకపోతే ఆ రాత్రికే తవ్వేస్తాయి. కాల్చడమూ మంచిదే, అయితే పచ్చి కార్జం సగం కాలి మిగిలిపోతుంది, బూడిద అయ్యేదాకా ఓపిక ఉండాలి.

కుక్కకు మాత్ర

ఇక రెండో పని. ఇక్కడే పొరపాట్లు ఎక్కువ.

గొర్రెలకు తెచ్చిన నట్టల మందు మిగిలితే కుక్క నోట్లో కూడా ఇంత పోసి, దీనికీ అయిపోయింది అనుకుంటారు. గొర్రె మందులో సాధారణంగా ఉండేది ఆల్బెండజోలో, ఫెన్‌బెండజోలో, ఐవర్‌మెక్టినో. ఈ బద్దెపురుగును పేగులోంచి తుడిచిపెట్టాలంటే వాటి మీద ఆధారపడలేం. పైగా ఐవర్‌మెక్టిన్ పశువుల మోతాదులో కొన్ని జాతుల కుక్కలకు ప్రాణం మీదికి తెస్తుంది. మీరు అడగాల్సిన మందు పేరు ప్రాజిక్వాంటెల్. కాగితం మీద రాసుకుని వెళ్లండి. మందుల షాపులో వట్టి "కుక్క పురుగుల మాత్ర" అని అడిగితే ప్రాజిక్వాంటెల్ లేనిది కూడా ఇచ్చేయొచ్చు.

మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు. మార్కెట్లో ఎక్కువగా దొరికేది 50 మి.గ్రా. ప్రాజిక్వాంటెల్‌తో పాటు పైరాంటెల్, ఫెబాంటెల్ కలిపిన మాత్ర. 10 కిలోలకు ఒకటి. పైరాంటెల్, ఫెబాంటెల్ ఏలికపాములనూ కొంకిపురుగులనూ చూసుకుంటాయి, కాబట్టి కలిపిన మాత్రే లాభం.

కుక్క బరువు ఎట్లా తెలుస్తుంది? కంటితో అంచనా వేస్తే దాదాపు ప్రతిసారీ తక్కువే చెబుతాం. ఎరువుల షాపులోనో మిల్లులోనో కాటా ఉంటుంది. ముందు మీరు ఎక్కండి, తర్వాత కుక్కను ఎత్తుకుని ఎక్కండి. మీరు 62 కిలోలు, కుక్కతో కలిపి 79 వచ్చింది అనుకోండి. కుక్క 17 కిలోలు. 17ను 5తో గుణిస్తే 85 మిల్లీగ్రాములు. ఒక మాత్ర చాలదు, ఒకటిన్నర 75 దగ్గరే ఆగుతుంది, రెండు వేయండి. కాస్త ఎక్కువ పడితే ఈ మందుతో ఇబ్బంది ఉండదు గానీ తక్కువ పడితే పురుగులు మిగులుతాయి. బాగా చిన్న కూనలకు, చూలు కుక్కకు, జబ్బుతో ఉన్నదానికి మాత్రం డాక్టర్‌ను అడిగే వేయండి.

మాత్ర చేదు. పొడి చేసి పాలల్లో కలిపితే వాసన చూసి పక్కకు పోతుంది, తాగినా నురగ కక్కుతుంది. ఉడికించిన కార్జం ముక్కలు మూడు తీసుకోండి. మొదటిది ఉత్తదే వేయండి, గుటుక్కున మింగుతుంది. రెండో దాంట్లో మాత్ర దోపి వేయండి. అది నోట్లో ఉండగానే మూడోది చూపించండి. మూడోదాని ఆశకు రెండోదాన్ని నమలకుండా మింగేస్తుంది. గడుసు కుక్కైతే ముక్కను మింగి మాత్రను మాత్రం చెంపలోంచి జాగ్రత్తగా కింద పెడుతుంది, అందుకని వేసి వెళ్లిపోకుండా అయిదు నిమిషాలు అక్కడే నిలబడండి. ఈ మందుకు కుక్కను పస్తుంచాల్సిన పని లేదు.

ఎన్నాళ్లకొకసారి అంటే, లెక్క పురుగు వయసును బట్టి. కుక్క తిత్తి తిన్నాక పురుగు ఎదిగి గుడ్లు పెట్టడానికి సుమారు ఆరేడు వారాలు పడుతుంది. ఆరు వారాలకోసారి మాత్ర పడితే పురుగు గుడ్లు పెట్టే వయసుకు రానే రాదు. మంద వెంట తిరిగే కుక్కకు, మాంసం కొట్టు చుట్టూ తిరిగే కుక్కకు ఇదే లెక్క మంచిది. అంత కుదరకపోతే ఏడాదికి నాలుగుసార్లు తప్పకూడదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసం అదే. ఒకసారి మాత్ర వేస్తే అప్పుడున్న పురుగులు చస్తాయి, అంతే. అది టీకా కాదు. మర్నాడే పచ్చి కార్జం తింటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

మాత్ర వేశాక రెండు రోజులు

ఈ భాగం దాదాపు ఎవరూ చేయరు. చేయాల్సింది ఇదే.

ప్రాజిక్వాంటెల్ పురుగును చంపుతుంది గానీ దాని కడుపులోని గుడ్లను చంపదు. అంటే మాత్ర వేసిన రెండు రోజుల్లో ఆ కుక్క పెంట మామూలు రోజుల కన్నా ప్రమాదం. అందుకని మాత్ర వేయగానే 48 గంటలు కట్టే ఉంచండి. ఇంటికి, తొట్టికి, కూరమడికి దూరంగా. వేసిన పెంటనంతా పారతో ఎత్తి గుంతలో పూడ్చండి లేదా ఎండుకట్టెల మంటలో వేయండి. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కోండి. కట్టిన చోట చివర్లో మరిగే నీళ్లు పోయండి. ఫినాయిలు, బ్లీచింగ్ పౌడర్ ఈ గుడ్లను చంపుతాయని నమ్ముకోలేం. వాటిని చంపేది వేడి. గట్టి ఎండకు ఎండిపోవడం కూడా వాటికి పడదు, మన మే నెల మనకు కొంత సాయం చేస్తుంది. చల్లటి తేమ నేలలో, చెట్టు నీడలో మాత్రం నెలల తరబడి బతుకుతాయి. అందుకే బావిగట్టు, నీళ్లతొట్టి పక్క, అరటిచెట్ల మొదలు కుక్క పడకకు తగిన చోట్లు కావు.

ఆ పెంటను పేడకుప్పలో కలపకండి. కుప్ప పొలానికి పోతుంది, పొలం నుంచి ఆకుకూర ఇంటికొస్తుంది.

పెంటలో పురుగులేమీ కనిపించలేదు, మందు పని చేయలేదేమో అని కొందరు మళ్లీ వస్తారు. ఇంత చిన్న పురుగు కనిపించదు. కుక్క వెనకభాగం చుట్టూ బియ్యపు గింజల్లాంటివి కదులుతూ కనిపిస్తే అది మరో బద్దెపురుగు, కుక్క బొచ్చులో గెంతే చిన్న పురుగుల (ఫ్లీల) వల్ల వచ్చేది. అదీ ఈ మాత్రకే పోతుంది గానీ ఆ గెంతే పురుగులు పోనంతవరకూ మళ్లీ వస్తుంది.

కుక్కపిల్లలుంటే

కుక్కపిల్లలకు ఏలికపాములు తల్లి కడుపులోనే ఎక్కుతాయి. పొట్ట గుమ్మడికాయలా ఉబ్బి, కాళ్లు పుల్లల్లా ఉండే పిల్లను చూసి బాగా పాలు తాగుతోంది అనుకుంటాం. అవి పాలు కావు. రెండో వారం నుంచే మొదలుపెట్టి రెండు వారాలకోసారి ఎనిమిది వారాల వయసు దాకా, ఆ తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి పురుగుల మందు పడాలి. పిల్లలకు పైరాంటెల్ ఉన్న సిరప్ వస్తుంది. తల్లికీ అదే రోజు వేయండి.

ఈ ఏలికపాము గుడ్డు మన పిల్లల నోట్లోకి పోతే దాని పిల్ల కంట్లోకి కూడా చేరి చూపు పాడుచేయగలదు. కాకపోతే ఇక్కడ మనకో వెసులుబాటు ఉంది. ఈ గుడ్డు బయటపడగానే ప్రమాదకరం కాదు, మట్టిలో కనీసం రెండు వారాలు పండాలి. రోజూ పెంట ఎత్తేసే ఇంట్లో దానికి ఆ గడువు దొరకదు. తిత్తి పురుగు గుడ్డు అట్లా కాదు, బయటపడ్డ నిమిషం నుంచే సిద్ధం. అందుకే దాని విషయంలో వాకిలి ఊడ్చడం ఒక్కటే సరిపోదు, మాత్ర కావాలి.

కుక్కలు తిరిగే తడి ఇసుకలో ఉత్త కాళ్లతో ఆడిన పిల్లల పాదాల మీద ఎర్రటి మెలికల గీత రోజుకింత పాకుతూ పోతుంటే అది కుక్క కొంకిపురుగు పిల్ల. పసరు పూయకుండా చర్మం డాక్టర్‌కు చూపించండి. ఇల్లు కట్టడానికి పోసుకున్న ఇసుక కుప్ప మీద రాత్రిపూట పట్టా కప్పండి.

చేతులు, ఆకుకూర, నాలుక

పిల్లల్ని కుక్కకు దూరంగా పెట్టమని చెప్పను. చెప్పినా జరగదు, జరగాల్సిన అవసరమూ లేదు. కుక్క తన వెనక భాగం నాక్కుంటుంది, అదే నాలుకతో ఒళ్లంతా నాక్కుంటుంది, కాబట్టి గుడ్లు దాని బొచ్చుకూ మూతికీ కూడా ఉంటాయి. ముఖం నాకనివ్వొద్దు. మనం తినే పళ్లెంలో దానికి పెట్టొద్దు. ఆడుకున్నాక, తినేముందు సబ్బుతో చేతులు కడగాలి, గోళ్ల కింద కూడా. సబ్బు గుడ్డును చంపదు, జార్చేస్తుంది, మనకు కావలసింది అదే.

పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, ఉల్లికాడ, కీరదోస లాంటివి ధారగా పడే నీళ్లలో ఆకు ఆకూ విడదీసి కడగండి. ఉప్పునీళ్లలో నానబెడితే చాలు అనేది ఒట్టి నమ్మకం. వండే కూరతో ఈ భయం లేదు. కూరమడికి కంచె ఉంటే సగం పని అయినట్టే. చెరువు నీళ్లు, కుంట నీళ్లు కాచి తాగండి.

చచ్చిన గొర్రె, గుండ్రంగా తిరిగే గొర్రె

మేతకు పోయిన చోట గొర్రె చస్తే తోలు తీసుకుని కళేబరాన్ని వాగులో వదిలేయడం పాత అలవాటు. ముసలి గొర్రెల్లో తిత్తులు పెద్దవిగా, పిల్లలతో నిండి ఉంటాయి. అటువంటిది ఒక్కటి వాగులో పడితే పదిహేను కుక్కలకు విందు. పైన చెప్పినట్టే లోతుగా పూడ్చి కంప వేయండి. ఒంట్లోని రంధ్రాల నుంచి నల్లటి రక్తం కారి హఠాత్తుగా చచ్చినదైతే తోలు తీయకండి, అసలు కోయకండి. అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు, వెంటనే పశువుల డాక్టర్‌కు చెప్పండి.

మందలో ఒక పిల్ల గొర్రె తల ఒక పక్కకు వంచి ఒకే వైపు గుండ్రంగా తిరుగుతూ, గోడకు గుద్దుకుంటూ ఉంటే దాని మెదడులో నీటి తిత్తి ఉండొచ్చు. ఇది ఇంకో బద్దెపురుగు పని, దారి మాత్రం అదే కుక్క. ఆ గొర్రెను కోసి తలకాయ కుక్కకు వేస్తే వచ్చే ఏడు ఇంకో నాలుగు గొర్రెలు తిరుగుతాయి. మనుషుల జబ్బు గురించి గంట చెప్పినా చెవికెక్కని కాపరికి ఈ ఒక్క మాట ఎక్కుతుంది, గొర్రె అంటే వేల రూపాయలు కదా. ఆ తలను కాల్చి పూడ్చండి.

గొర్రెలకు తాగించే నట్టల మందు మానేయమని కాదు. అది పేగుల్లోని నట్టలకు. కార్జంలో ఉన్న తిత్తిని అది కరిగించదు.

మాంసం కొట్టు దగ్గర

మీ కుక్కకు మీరు మాత్ర వేస్తారు. ఊరకుక్కలకు ఎవరు వేస్తారు? ఆదివారం మటన్ కొట్టు ముందు చూడండి, కొనేవాళ్ల కన్నా కుక్కలే ముందు వరుసలో ఉంటాయి. కొట్టతనితో తగవు పెట్టుకోకండి. మూత ఉన్న డ్రమ్ము ఒకటి పెట్టించి, సాయంత్రం పూడ్చే గుంత పంచాయతీ చేత తవ్వించండి. పంచాయతీ సమావేశంలో కోతి, కుక్క బెడద ఎట్లాగూ చర్చకు వస్తుంది. కుక్కలకు ఆపరేషన్లు, రేబిస్ టీకాలు వేయించే రోజునే ప్రాజిక్వాంటెల్ కూడా వేయమని పశువైద్య అధికారిని అడగండి. పట్టుకోవడమే కష్టం, మాత్ర ఖర్చు దాని ముందు చిన్నది.

ఇది అయ్యే పనేనా అని ఒక సర్పంచ్ నన్ను అడిగాడు. ఐస్‌లాండ్ సంగతి చెప్పాను. గొర్రెల మీద బతికే చలిదేశం. 19వ శతాబ్దం నడిమిలో ఈ తిత్తి జబ్బు అక్కడ ఇంటింటి జబ్బు. 1863లో హరాల్డ్ క్రాబె అనే డేనిష్ శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్లి కుక్కలను కోసి పరిశీలించాడు. ఆ తర్వాత జనం చదువుకునేలా చిన్న పుస్తకం రాస్తే దాన్ని ఉచితంగా పంచారు. జబ్బు పడ్డ అవయవాలను కుక్కలకు వేయకుండా నాశనం చేయాలని చట్టాలూ వచ్చాయి. ప్రాజిక్వాంటెల్ అప్పటికి పుట్టలేదు, అది 1970ల నాటి మందు. అయినా తర్వాతి తరాల్లో ఆ జబ్బు అక్కడ కనుమరుగైంది. సర్పంచ్ అంతా విని "వాళ్ల దగ్గర చలి ఎక్కువ, ఇంట్లో కూర్చుని చదువుకుంటారు" అన్నాడు. డ్రమ్ము మాత్రం పెట్టించాడు.

మీకే అనుమానం ఉంటే

తిత్తి ఏళ్ల తరబడి చప్పుడు చేయదు. తెలిసేసరికి కుడివైపు పక్కటెముకల కింద బరువు, తిన్నది అరగనట్టు ఉండటం, ఊపిరితిత్తిలో ఉంటే తగ్గని దగ్గు, ఒక్కోసారి దగ్గితే ఉప్పటి నీళ్లు, ద్రాక్షతొక్కల్లాంటి పొరలు పడటం. నాకు తెలిసిన ఒకావిడ రెండేళ్లు గ్యాస్ మాత్రలు మింగింది. ఎవరూ ఆమెను గొర్రెల గురించి అడగలేదు, ఆమెకు చెప్పాలని తోచలేదు. వేరే పనికి తీసిన స్కానింగ్‌లో కార్జంలో కొబ్బరికాయంత తిత్తి కనబడింది.

అందుకని డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మొదటి మాటే "మా ఇంట్లో గొర్రెలూ కుక్కా ఉన్నాయి" అని చెప్పండి. పొట్ట అల్ట్రాసౌండ్, ఛాతీ ఎక్స్‌రే చాలావరకు చెప్పేస్తాయి. అవసరమైతే రక్తపరీక్ష చేస్తారు. తిత్తి దశను బట్టి కొన్నిటికి నెలల తరబడి ఆల్బెండజోల్, కొన్నిటికి సూదితో నీరు తీసి మందు పంపే పద్ధతి, కొన్నిటికి ఆపరేషన్, కొన్నిటిని ఊరికే గమనిస్తూ ఉండటం. ఏది అనేది వాళ్లు తేల్చాలి. స్కూళ్లలో ఇచ్చే ఆల్బెండజోల్ ఒక్క మాత్ర దీనికి వైద్యం కాదు, అట్లాగని సొంతంగా నెలలపాటు మింగడం కార్జానికే చేటు, గర్భిణులకు అసలు కూడదు. నాటువైద్యుడి చేత గడ్డను పిండించడం, నొక్కించడం ప్రాణాంతకం. తిత్తి లోపల పగిలితే ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక, బీపీ పడిపోయి మనిషి కూలిపోవచ్చు. కడుపు మీద దెబ్బ తగిలాక ఇలా జరిగితే గంటలు కాదు, నిమిషాలు లెక్క.

ఇంట్లో ఒకరికి బయటపడితే మిగతావాళ్లంతా ఒకసారి స్కానింగ్ తీయించుకోండి. అందరూ అదే వాకిట్లో తిరిగారు, అదే కుక్కను నిమిరారు.

చివరగా క్యాలెండర్. కిరాణా కొట్టువాడు ఇచ్చినదే, దేవుడి బొమ్మ కింద తేదీలున్నది. ఇవాళ మాత్ర వేస్తే ఇవాళ్టి గడిలో "కుక్క" అని రాసి, ఆరు వారాలు లెక్కబెట్టి ఆ గడిలోనూ రాయండి. మధ్యలో బోనాలో, దసరానో, ఎల్లమ్మ పండగో, ఇంట్లో లగ్గమో వస్తే ఆ గడి పక్కన ఇంకో మాట రాయండి, "గొలుసు, బకెట్, గిన్నె" అని.